బొమ్మకేమీ కాదమ్మా

ఈ నాలుగు మాటలు రాసి పెట్టకపోతే ఆ రోజు సభలో చెప్పినవే నిజాలుగా నిలిచిపోతాయి. పోయినవాళ్ళ గురించి చెడ్డ మాట అనకూడదంటారు. ఆ నీతి నాకూ తెలుసు. కానీ ఆ సభలో బల్ల మీద, పోయిన మనిషి పటంతో పాటు, ఇంకొక పోయిన ప్రాణి కూడా ఉంది. దాని తరఫున ఎవరూ మాట్లాడలేదు. అందుకని రాస్తున్నాను.

సభ మా మదనపల్లె పఠనమందిరంలోనే జరిగింది. పటానికి బంతిపూల దండ, ముందు ఊదుబత్తీలు. పక్కనే గాజుపెట్టెలో, తీగెతో చేసిన కొమ్మ మీద కూర్చోబెట్టిన తెల్లని తోకపిట్ట. చూడనివాళ్ళ కోసం చెప్తాను. ఒళ్ళు పిచుకంత ఉంటుంది. పాలలాంటి తెలుపు. తల మాత్రం నిగనిగలాడే నలుపు, నెత్తిన చిన్న కుచ్చు. తోక జానకు మించి ఉంటుంది, రెండు తెల్లని రిబ్బన్లు వేలాడినట్టు. ఆ తోక, ఆ తెలుపు వయసొచ్చిన మగదానికే. ఇదంతా నేను పుస్తకాల్లో చదివి, తర్వాత కళ్ళతో చూసి, సరిపోల్చుకుని చెప్తున్న మాట.

గాజుపెట్టెలో ఉన్నదాని తోకలో ఒక రిబ్బను మధ్యలో పసుపు పచ్చగా గార కట్టి ఉంది. అది విరిగితే బంకతో అతికించిన చోటు. అతికిస్తుంటే చూసినవాణ్ణి నేను. సభకు వచ్చిన ఆడవాళ్ళు పటానికి పువ్వులు వేసి, ఆ గాజును తాకి కళ్ళకద్దుకుంటున్నారు.

మొదట మాట్లాడినాయన పోయినవారిని పక్షిప్రేమికుడన్నాడు. రెండో ఆయన, చీమకైనా హాని తలపెట్టని మనిషి అన్నాడు. మూడో ఆయన, జన్మలో ఒక్క అబద్ధమాడని సత్యవ్రతుడన్నాడు. మొదటి రెండు మాటలకు నాకు నవ్వొచ్చింది. మూడోది విన్నప్పుడు మాత్రం లేచి వరండాలోకి వెళ్ళాను. ఎందుకంటే అది నిజం.

నా చదువు థర్డు ఫారంతో ఆగిపోయింది. నూలు అంగడిలో గుమాస్తాను. నాకు తెలిసిందంతా ఆ పఠనమందిరం బీరువాల్లోంచి వచ్చిందే. అక్కడ బొమ్మలతో ఉన్న ఒక ఇంగ్లీషు పక్షుల పుస్తకం ఉండేది. ఒక పక్క నిఘంటువు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఊళ్ళో దాన్ని అలా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం పఠనమందిరానికి వెళ్తే, ఆ పుస్తకం ముందు ఒక కొత్తాయన కూర్చుని ఉన్నాడు. ఆ సభలో పటంలో ఉన్నది ఈయనే. తమిళ దేశంలో ఏదో కాలేజీలో ప్రకృతిశాస్త్రం చెప్తాడట. మా ఊరు చల్లగా ఉంటుందని వేసవికి వచ్చాడట. తర్వాత తర్వాత ఇక్కడే ఇల్లు తీసుకుని ఉండిపోయాడు. ఊళ్ళోవాళ్ళు పిట్టలయ్యవారు అనేవాళ్ళు.

ఆయన వేలు నోట్లో తడిపి పేజీలు తిప్పుతున్నాడు. పిగిలిపిట్ట బొమ్మ ఉన్న పేజీ రాగానే జేబులోంచి రుమాలు తీసి, విప్పి, అప్పుడే చంపిన పిగిలిపిట్టను ఆ బొమ్మ మీద పడుకోబెట్టాడు. రెక్క విప్పి బొమ్మతో పోల్చి చూసుకున్నాడు. పిట్ట ముక్కులోంచి కారిన నెత్తురు కాగితం మీద పాకింది. ఆ మరక ఇప్పటికీ ఉంది. ఎవరైనా వెళ్ళి చూడొచ్చు.

"అయ్యా, పుస్తకం!" అన్నాను.

ఆయన తలెత్తి, "పుస్తకంలో ఉన్నది రంగు. ఇది పిట్ట. ఏది ముఖ్యం?" అన్నాడు. అని చెవి మీద పెట్టుకున్న ఒక ఈకను తీసి, కాడ కొన చెవిలో పెట్టి, కళ్ళు అరమూసుకుని మెల్లగా తిప్పుకున్నాడు. బయటికి తీసి, కొనకు అంటుకున్నదాన్ని చూసి, బల్ల అంచుకు తుడిచాడు. "చెవికి గువ్వ ఈకే మేలోయ్. కాకి ఈక గరుకు," అన్నాడు.

రోత పుట్టింది. కానీ నేను చదివిన పుస్తకం తెలిసిన మనిషి కనిపించడం అదే మొదలు. మాటల్లో పడి రోత మరిచిపోయాను. ఏ పిట్ట పేరు చెప్పినా దాని గూడు, గుడ్డు, రంగు చెప్పేవాడు. అడవి పిట్టల కోసం పుంగనూరు మీదుగా కుప్పం దాకా వెళ్తున్నాననీ, పుస్తకం తెలిసినవాడు తోడుంటే బాగుంటుందనీ అన్నాడు. పటాల్లో చూసినవాటిని ప్రాణంతో చూడొచ్చన్న ఆశతో అంగడిలో సెలవడిగి బయలుదేరాను.

సామాను మోయడానికీ వంటకూ మా ఊరి ఎర్రప్పను కుదుర్చుకున్నాడు. ఎర్రప్ప నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. ఆయన సామానంటే ఒక సన్న తుపాకి, ఆవగింజంత రవ్వలున్న తూటాలు, దూది, సూదులు, పాషాణ విషం కలిపిన సబ్బు డబ్బా, ఒక రేకుపెట్టె. మెడలో తోలు సంచీలో కెమెరా.

మొదటి రోజు అంగళ్లు ఊరు దాటి ఏనుగుమల్లమ్మ కొండ కింద అడవిలో తిరిగాము. అక్కడ నా జన్మలో మొదటిసారి వంగపండు పిట్టను చూశాను. మండుతున్న ఎండలో, ఎండిన మోదుగు కొమ్మ మీద, పసుపు ముద్దలాగా. అది కూస్తే కుండలోంచి నీళ్ళు వంపినట్టుంది. పుస్తకంలో ఆ కూతను ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. ఆ అక్షరాలను నేను ఎన్నిసార్లు నోటితో పలికి చూసుకున్నానో! అది ఇదా అని ఒళ్ళు పులకరించింది. ఆయన వైపు తిరిగి, "విన్నారా?" అనబోయాను. తుపాకి పేలింది.

పిట్ట చావలేదు. రెక్క విరిగి కింద కొట్టుకుంటోంది. ఆయన పరుగెత్తలేదు. నింపాదిగా నడిచి వెళ్ళి, దాన్ని ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ రెక్కల కింద, గుండెకు రెండు పక్కలా పెట్టి మెల్లగా నొక్కాడు. నొక్కుతూ, పిల్లను నిద్రపుచ్చే గొంతుతో, "జోజో... పడుకో తల్లీ, పడుకో," అన్నాడు. పిట్ట నోరు తెరిచింది. కళ్ళ మీద తెల్లని పొర పడింది. ఆయన ఇంకా కాసేపు జోకొట్టి, రుమాల్లో చుట్టాడు.

"నెత్తురు రాదు, ఈక చెదరదు. ఇలాగే చంపాలి," అన్నాడు.

"సంపేది సంపు, జోల యాల పాడతావు సామీ?" అన్నాడు ఎర్రప్ప.

"ప్రేమ ఉండాలోయ్," అన్నాడాయన. హాస్యానికి కాదు. కళ్ళలో తడి కూడా ఉంది. ఆ తడిని చూసినప్పుడు నాకు వేసినంత జుగుప్స రెక్క విరిగిన పిట్టను చూసినప్పుడు వేయలేదు.

మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని తోలు తీసేవాడు. పొట్ట మీద చిన్న కోత పెట్టి, చొక్కా విప్పినట్టు తోలు వలిచి, పురుగు పట్టకుండా లోపల పాషాణం సబ్బు పూసి, దూది కూరి కుట్టేవాడు. అలా కుట్టినదాన్ని 'బొమ్మ' అనేవాడు. "ఈ పూట నాలుగు బొమ్మలయ్యాయి," "ఆ బొమ్మ తోక సరిగా రాలేదు," ఇలాగ. తోలు తీసిన కండను ఎర్రప్పకిచ్చి మిరియాలేసి వేయించమనేవాడు. ఊళ్ళో కోడిగుడ్డు కూడా ముట్టనని చెప్పుకునే మనిషి. "శాస్త్రానికి తోలు, కడుపుకు కండ. వ్యర్థం చేయడం పాపం," అని శనగగింజంత గుండెకాయను కూడా ఏరుకుని తినేవాడు. పాషాణం పూసిన వేళ్ళను పంచెకు తుడిచి, ఆ వేళ్ళతోనే బెల్లం విరిచి నాకూ ఒక ముక్క పెట్టబోయేవాడు. నేను ఒకసారి తీసుకుని, ఆయన చూడనప్పుడు పొదలో పారేశాను. చీమలు కూడా దానికి పట్టలేదు. పాషాణం వల్లనో, ఆయన వేళ్ళ వల్లనో నాకు తెలియదు.

"చూడ్డం చిన్నపిల్లల పని. చేతిలోకి వస్తేనే శాస్త్రం," అనేది ఆయన మాట. నేను ఒక పిట్టను చూసి మురిసిపోతుంటే, "చూశావుగా, ఇక జరుగు," అని తుపాకి ఎత్తేవాడు.

పుంగనూరులో ఆయనలోని ఇంకొక కళ చూశాను. అక్కడ ఒక రెడ్డి గారింట్లో దిగాము. కెమెరా చూడగానే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. పెద్దాయనకు తమ ఆవంటే ప్రాణం. ఆ సీమ ఆవులు మనిషి నడుము దాటి ఎదగవు కదా. ఆ పొట్టి ఆవుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొమ్ములకు పూలు చుట్టి తెచ్చారు. కోడళ్ళు పెట్టెల్లోంచి పట్టుచీరలు తీసి కట్టుకున్నారు. ఈయన ఎండలో వాళ్ళను అటు జరిపి ఇటు జరిపి, ఆవు మొహం తిప్పించి, టిక్కుమనిపించాడు. ఆ పూట నేతి అన్నం, సాయంత్రం చిక్కని పాలు.

బయలుదేరేటప్పుడు పెద్దాయన, "బొమ్మ ఎబుడొస్తాది సామీ?" అని అడిగాడు.

"యుద్ధం రోజులు కదా పెద్దాయనా. ఫిల్ము దొరకడం లేదు. ఫిల్ము వస్తే బొమ్మ వస్తుంది," అన్నాడు.

"కంపెనీలో కడగనీకి కష్టమేమో పాపం," అని పెద్దాయన సరిపెట్టుకున్నాడు. నేనూ అలాగే అర్థం చేసుకున్నాను. మా వైపు ఫోటోనూ బొమ్మే అంటాము, దేవుడి పటాన్నీ బొమ్మే అంటాము, సినిమానూ బొమ్మే అంటాము. ఆ మాట ఎంత వెడల్పో నాకు అప్పటికింకా తట్టలేదు.

దారిలో ఆయన గొప్పగా చెప్పాడు. "నేను జన్మలో అబద్ధమాడలేదోయ్. శాస్త్రం చదివినవాడు అబద్ధమాడకూడదు. ఎదుటివాడు తప్పుగా అర్థం చేసుకుంటే అది వాడి చదువు లోపం."

అక్కడి నుంచి బొగ్గుతో నడిచే బస్సులో పలమనేరు, ఆ తర్వాత ఇంకో బస్సు, ఆ తర్వాత ఎద్దుల బండి. కుప్పానికి ఇవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న పల్లెకు చేరాము. తెలుగులో మొదలుపెట్టిన మాటను అరవంలో ముగించే ఊరు. అక్కడికే ఎందుకంటే, తెల్లని తోకపిట్ట అక్కడ గూడు పెడుతుందని ఆయనకు ఎవరో చెప్పారు. అన్ని పిట్టలూ ఆయన పెట్టెలో చేరాయి కానీ మంచి తెల్ల మగది మాత్రం లేదు. కొట్టినప్పుడల్లా రవ్వలు తగిలి తోక తెగిపోయేదట. పేరు చెప్తే చాలు, పెదాలు నాక్కునేవాడు.

ఊరి మొదట్లోనే రాతిమెట్ల బావి. దాని మీదికి వంగిన కానుగ చెట్టు. ఒక పెద్దావిడ బావిగట్టు మీద నిలబడి ఉత్త చేతులతో తాడు లాగుతోంది. పైన గిలక ఉంది. కానీ దానికి పాత చీరె పేలికలు చుట్టి కట్టేశారు.

"గిలక యాల కట్టేస్తిరమ్మా? అరచేతులు ఒరుసుకపోతాండాయే," అన్నాడు ఎర్రప్ప.

ఆవిడ పెదాల మీద వేలు పెట్టి, పైకి చూపించింది. నీళ్ళ మీదికి వాలిన సన్న కొమ్మ చీలికలో, చేతిలో ఇమిడే దొన్నెలాంటి గూడు. అందులో మగపిట్టే కూర్చుని ఉంది. నల్లని తల ఒక పక్క, రెండు తెల్లని రిబ్బన్లు ఇంకో పక్క గూటి అంచు దాటి కిందికి జారి గాలికి ఊగుతున్నాయి. నీళ్ళలో వాటి నీడ కూడా ఊగుతోంది. ఈ జాతిలో మగది కూడా పొదుగుతుందని నేను చదివాను. చదవడం వేరు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గిలక అరిస్తే బెదిరి లేసిపోతాది. రెక్కలొచ్చి పిల్లలు ఎగిరేదాకా ఊరంతా ఇట్లే సేదుకుంటాం. బాయి మీద గూడు పెడితే మా ఊర్లో అదే కట్టు," అంది ఆవిడ. ఆమెను మునెమ్మ అందాం. కాసేపటికి ఆమె కూతురు వచ్చి గట్టు పక్కన నీడలో కూర్చుంది. ఆమెను గంగమ్మ అందాం. నిండు నెలలు. కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పోయిన కాన్పులో బిడ్డ దక్కలేదట. "ఈ తూరి పిట్ట గూడు పెట్టినాంకనే నా బిడ్డ రెండు మెతుకులు తింటాండాది. పొద్దంతా ఈడే. గుడ్లు పిల్లలైతే తన బిడ్డ గూడా దక్కుతాదని దాని మనసులో పడింది," అని మునెమ్మ నా చెవిలో చెప్పింది.

"సూడన్నా, మొగోడు గూట్లో కూసున్యాడు," అంది గంగమ్మ నాతో. "మా ఇంటాయన ఉండాడే, పుట్టబోయే బిడ్డకు ఉయ్యాల తాడు కట్టమంటే గూడా కల్లు దుకానానికి పోతాడు."

"ఆయప్పకు తోక లేదు గదమ్మా, సిగ్గుపడతాండాడేమో," అన్నాడు ఎర్రప్ప. తల్లీకూతుళ్ళిద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు, పిట్టకు వినబడకుండా.

ఈయన మాత్రం నవ్వలేదు. ఆ తోకనే చూస్తున్నాడు. మునెమ్మ చూపు ఆయన చేతి మీద పడింది.

"తుపాకి యాల సామీ ఈడికి?"

"అది అడవికమ్మా, ఊరికి కాదు," అని ఆయన తుపాకిని ఎర్రప్ప చేతికిచ్చి దూరంగా పంపాడు. మెడలోని కెమెరాను ముందుకు తెచ్చుకున్నాడు. ఎంతో మెత్తగా అడిగాడు. "ఈ పిట్ట బొమ్మ కోసం చాలా దూరం నుంచి వచ్చానమ్మా. తీసుకోనా?"

"బొమ్మేగదా సామీ, తీసుకో. దానికేం గాదు గదా?"

ఆయన చిరునవ్వు నవ్వాడు. "బొమ్మకేమీ కాదమ్మా. నువ్వూ నేనూ పోయినా అది నూరేళ్ళుంటుంది."

"నూరేండ్లే!" అని మునెమ్మ బుగ్గలు నొక్కుకుంది. గంగమ్మ లేచి కొంగు సర్దుకుని, తననూ గూటి కింద నిలబెట్టి ఒక బొమ్మ తీయమంది. ఆయన ఆమెను అటు జరిపి ఇటు జరిపి, తల ఎత్తించి, టిక్కుమనిపించాడు. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. "నాకొకటి పంపీ సామీ," అంది. "ఫిల్ము వస్తే వస్తుందమ్మా," అన్నాడు.

మర్నాడు పొద్దున నేనూ ఎర్రప్పా మజ్జిగ కోసం ఊళ్ళోకి వెళ్ళాము. ఆడవాళ్ళు ఆకు కోయడానికి అడవికి బయలుదేరుతున్నారు. తుపాకి పేలింది.

మేము పరుగెత్తేసరికి ఆయన బావి మెట్లు దిగుతున్నాడు. బూట్లతో. ఊరంతా తాగే నీళ్ళలో మోకాళ్ళ దాకా బూట్లతో దిగి, నీళ్ళ మీద కొట్టుకుంటున్న తెల్లని పిట్టను అందుకున్నాడు. ఒక రిబ్బను సగానికి విరిగి వేలాడుతోంది. "అయ్యో, మళ్ళీ తోకే," అన్నాడు. అని గట్టెక్కి కూర్చుని, బొటనవేలూ చూపుడువేలూ రెక్కల కింద పెట్టాడు. అప్పటికి మునెమ్మ రొప్పుతూ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"జోజో... పడుకో తల్లీ," అంటున్నాడాయన.

నిండు చూలాలి తల్లి ఆ జోలపాటను నిలబడి మొదటి నుంచి చివరి దాకా వింది. పిట్ట కన్ను మూసుకుంది.

"ఏం సామీ ఇది? బొమ్మ తీసుకుంటానని గదా అంటివి?"

"తీసుకున్నానమ్మా. నువ్వేగా తీసుకోమన్నావు?" ఆయన గొంతులో తొణుకు లేదు. రేకుపెట్టె మూత తీసి చూపించాడు. వరసగా పడుకోబెట్టిన పిట్టలు, కళ్ళలో దూది. "ఇవి బొమ్మలు. దీన్నీ ఇలాగే చేస్తాను. నూరేళ్ళుంటుందని చెప్పానా లేదా? ఇందులో అబద్ధమేముంది?"

"మరి ఆ కెమెరా ఎందుకు తీశారు?" అని నేను అరిచాను. నేను ఆయన మెడలోంచి సంచీ లాగి, కెమెరా వెనక మూత తెరిచాను. లోపల ఫిల్ము లేదు. ఎన్నాళ్ళుగా లేదో, దుమ్ము పేరుకుని ఉంది. మూలలో ఒక బొద్దింక రెక్క. పుంగనూరు ఆవు, పట్టుచీరల కోడళ్ళు, పొట్ట మీద చెయ్యి పెట్టుకున్న గంగమ్మ, అందరూ ఆ బొద్దింక రెక్క ముందు నిలబడి నవ్వారన్నమాట.

"ఫిల్ము వస్తే బొమ్మ వస్తుందని చెప్పానుగా?" అన్నాడాయన, నా మందబుద్ధికి జాలిపడుతున్నట్టు.

మునెమ్మ తిట్టలేదు. మన్ను ఎత్తి పోయలేదు. పైకి చూసింది. గోధుమరంగు ఆడపిట్ట కొమ్మ మారి కొమ్మ మీద వాలుతూ, ఒకటే అరుస్తోంది. మునెమ్మ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "నా బిడ్డ వస్తాండాది. తుపాకి సప్పుడు ఇని ఉంటాది. అడవిలో పంది కోసరం పేల్సినారని సెప్తా. పిట్టేమో, బొమ్మ తీస్తాంటే బెదిరి లేసిపాయె. నువ్వు గూడా ఆ మాటే సెప్పు నాయనా. నీకు దండం పెడతా. దాన్ని దాసిపెట్టమను."

ఆయన పిట్టను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. గంగమ్మ నడుముకు చెయ్యి ఆనించుకుని మెల్లగా వచ్చింది. గూటి వైపు చూసింది.

"మొగపిట్ట యాడికి పాయెమ్మా?"

"బొమ్మ తీస్తాంటే బెదిరింది. వస్తాదిలే. ఆడది ఉండాది గదా."

గంగమ్మ ఆయన్ను కాదు, నన్ను అడిగింది. "బొమ్మ బాగొచ్చిందా అన్నా?"

ఆయన జేబులోంచి విరగని రిబ్బను కొన బయటికి వేలాడుతోంది. ఎర్రప్ప చప్పున వెళ్ళి ఆయనకు అడ్డంగా నిలబడ్డాడు.

"బాగొచ్చిందమ్మా," అన్నాను.

మధ్యాహ్నం కుప్పం స్టేషను ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఆయన తోలు తీశాడు. మదరాసు రైలు రావడానికి ఇంకా పొద్దుంది. విరిగిన రిబ్బనును బంకతో అతికించాడు. అతకగా మిగిలిన ముక్కను వేళ్ళ మధ్య తిప్పి చూసుకుని, కాడను చెవిలో పెట్టుకున్నాడు. కళ్ళు అరమూసుకున్నాడు.

"ఇంత మెత్తని ఈక జన్మలో తగల్లేదోయ్," అన్నాడు.

నేను ప్లాట్‌ఫారం చివరికి పోయి వాంతి చేసుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఎర్రప్ప సామాను ఆయన కాళ్ళ దగ్గర దించేసి తలపాగా చుట్టుకుంటున్నాడు.

"సామీ, ఒక పని జెయ్," అన్నాడు. "నువ్వు సచ్చినాంక నీకు గూడా దూది కూరి కుట్టమని సెప్పి పో. నూరేండ్లుంటావు. సెవిలో ఈక మాత్రం తీయొద్దను, అది లేకుంటే గురుతు పట్టలేము."

ఆయనకు కోపం రాలేదు. "మనిషి తోలు నిలవదోయ్," అని వివరించాడు.

ఆ తర్వాత మా ఊళ్ళో ఆయన ఉన్నన్నాళ్ళూ నేను ఆయనతో మాట్లాడలేదు. పఠనమందిరంలో ఎదురుపడితే నమస్కారం పెట్టేవాడు. ఆ చేతుల వైపు చూడలేక ముఖం తిప్పుకునేవాణ్ణి. చూడ్డం చిన్నపిల్లల పని అన్నాడు కదా. ఒక్కటి చెప్పగలను. నేను చదివిన పుస్తకం ఆయన కూడా చదివాడు. చదువు మనిషిని బాగు చేస్తుందని బీరువాల ముందు నిలబడి నేను పెంచుకున్న నమ్మకానికి మొదటి చెద ఆయన పట్టించాడు. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు.

సంతాప సభ అయిన వారానికి కుప్పం రైలెక్కి ఆ పల్లెకు వెళ్ళాను. గంగమ్మకు ఆ ఎండాకాలమే ఆడపిల్ల పుట్టిందట, దక్కిందట. పిట్ట గూటికీ పురిటికీ సంబంధం ఉందని ఏ పుస్తకమూ చెప్పదు, నేనూ చెప్పను. ఆడపిట్ట ఒంటరిగానే మేత తెచ్చి సాకిందట. పిల్లల్లో ఒకటి ఎగిరిందట. అది ఎగిరేదాకా ఊరివాళ్ళు గిలక విప్పలేదట.

గంగమ్మ నన్ను గుర్తుపట్టి సంగటి పెట్టింది. "ఆ సామి నా బొమ్మ పంపలేదే అన్నా! యుద్ధం అయిపాయె గదా," అంది. కూతురికి నన్ను చూపించి, "నువ్వు నా కడుపులో ఉన్యప్పుడు తోకపిట్ట కింద నిలబెట్టి మనిద్దరికీ బొమ్మ తీసినారు. ఈ మామ గూడా ఉన్యాడు ఆడ," అని చెప్పింది. ఆ పిల్ల నా జేబుల వైపు ఆశగా చూసింది.

మునెమ్మ నన్ను సాగనంపే నెపంతో బావి దాకా వచ్చింది. సభ సంగతీ, గాజుపెట్టె సంగతీ చెప్పాను. రాద్దామనుకుంటున్నానన్నాను. ఆమె పైన కానుగ కొమ్మ వైపు చూసింది. "రాయి నాయనా. ఆయప్ప యట్లాంటోడో నలుగురికీ తెలియాల," అంది చివరికి. "మా పేర్లు మాత్రం మార్సు."

మార్చాను. మిగిలిన వాళ్ళకు అసలు పేర్లతోనే కృతజ్ఞతలు చెప్పుకుంటాను. నెత్తుటి మరక ఉన్న ఆ పుస్తకాన్ని మళ్ళీ ఇంటికి పట్టుకెళ్ళనిచ్చిన మా పఠనమందిరం చెంగల్రాయుడు గారికి. తోళ్ళకు పూసే పాషాణం సంగతి విప్పి చెప్పి, ఇన్నేళ్ళ తర్వాత నా భయం పోగొట్టిన కాంపౌండరు దేవదానం గారికి. నేను మరిచిన మాటలన్నీ, నేను రాయకూడని మాటలతో సహా, గుర్తుచేసిన ఎర్రప్పకు. ఇది చదివి అక్షరదోషాలు దిద్దిన తెలుగు పండితులు సుబ్బరామయ్య గారికి. ఈసారి వెళ్ళినప్పుడు కుప్పంలో ఒక రాత్రి తలదాచుకోనిచ్చిన మునస్వామి మొదలియారు గారికి.

ఇక మునెమ్మకు. ఆమెకు చదువు రాదు. మనవరాలు మాత్రం బడికి పోతోంది, అక్షరాలు కూడబలుక్కుంటోంది. కుప్పం వైపు వాళ్ళెవరి చేతికైనా ఈ కాగితాలు వస్తే, దయచేసి ఆ బావి దరిదాపుల్లో పైకి చదవకండి. ఆ ఇంట్లో ఆ పిట్ట బెదిరి ఎగిరిపోయింది, అంతే. ఇంకా తిరిగి రాలేదు.